తొమ్మిదో వరుస, మల్లన్న, ఒకటి

పొద్దున ఎనిమిది కొట్టకముందే శివమ్మ చిట్కుల్‌ల కిరాయి రూముకు తాళమేసి, సద్దిగిన్నె సంచిల పెట్టుకొని ఇస్నాపూర్ రోడ్డు మీది గోదాముకు నడుస్తది. రోడ్డు పొడుగునా లారీలు, కంపెనీల పొగ, ముక్కులు మండే వాసన. ఏడేండ్ల సంది అదే దారి. ఆమె పని పెద్దదేం గాదు. పట్నంల జాగలేని చిన్న చిన్న కంపెనీలోళ్లు తమ సామానంతా ఈ గోదాముల పెట్టుకుంటరు. ఒకలవి స్టీలు గిన్నెలు, ఒకలవి దుప్పట్లు, ఇంకొకలవి పిల్లల బొమ్మలు. ఎవలకేం గావాల్నో చీటీ వస్తే, శివమ్మ అర మీదికెల్లి తీసి, డబ్బల పెట్టి, టేపు చుట్టి ఇస్తది.

కంప్యూటర్ ముంగట కూసునే పుష్పమ్మ రోజూ పొద్దుగాల స్టాకు లెక్క సదువుతది. "రెండో వరుస, కుక్కర్లు, నలపై. ఆరో వరుస, దుప్పట్లు, నూటపది. తొమ్మిదో వరుస, మూడో అర, మల్లన్న, ఒకటి."

మల్లన్న శివమ్మ మొగడు. ఇదే గోదాముల హమాలీ. రెండేండ్ల కింద, ఒళ్లు కాలిపోయే జ్వరంతోని లారీల బస్తాలు దింపుకుంట తొమ్మిదో వరుసల కూలబడి మల్ల లేవలేదు. ఊరికి తీసుకపోయిన్రు, దినాలు జేసిన్రు, అన్నీ అయినయి. ఆ నెలలనే గోదాముకు కంప్యూటర్ వచ్చింది. సామాన్లన్నీ ఎక్కిస్తుంటే, ఎవలూ కొట్టకుంటనే మల్లన్న పేరు ఎక్కింది. పుష్పమ్మ సదివింది, సూపర్‌వైజర్ యాదగిరి సంతకం పెట్టిండు. ఉన్నదాన్ని ఉన్నదని రాస్తరు, ఇంకేం రాస్తరు?

"వదినా, ఇయ్యాల అన్న నాలుగో వరుసకు జరిగిండు. తొమ్మిదోదాంట్ల రేకు కారుతున్నట్టుంది" అని వానకాలంల పుష్పమ్మ చెప్పేది. శివమ్మ పగటీలి బువ్వ నాలుగో వరుసల కూసొని తినేది. ఆయన కనవడడు, పలకడు. అయినా ఉన్నడు. ఆ ఒక్కటి సాలనుకొని ఆమె బతుకుతుండె.

ఒక్క సంగతి మాత్రం ఆయన ముంగట ఎన్నడూ ఎత్తలేదు. ఆ పొద్దు "చాతనైతలేదే శివమ్మా" అని ఆయన ముసుగు తన్ని పండితే, "ఒక్కపూట పోయి రా, ఏం గాదు" అని దుప్పటి గుంజి లేపింది తనే. అత్త బీరమ్మకు ఆ అనుమానం ఉండనే ఉండె. దినాల నాడు పదిమందిల, "జ్వరంల పంపి నా కొడుకును మింగినవ్. నా గడప తొక్కకు" అన్నది. అప్పటి సంది సంగారెడ్డి అవతల కొండాపూర్ దిక్కున్న అత్తగారి ఊరికి శివమ్మ పోలేదు.

ఇగ శివమ్మకు ఒక గుణముంది. వాళ్ల ఇండ్లల్ల గుమ్మిలకెల్లి వడ్లు తీస్తే అడుగు ఊడ్వరు, పిడికెడన్న మిగిలిస్తరు. ఊడిస్తే ఆ ఇంట్లకు మల్ల గింజ రాదంటరు. గోదాము అరలను గూడ ఆమె గట్లనే సూసింది. ఎన్ని తీసినా ఆఖరుది తియ్యదు. చీటీలు చేత్తోని రాసినన్ని రోజులు ఇది ఎవలకూ పట్టలేదు.

రెండువేల ఎనిమిదిల పట్నం ఆఫీసోళ్లు గోదాము లెక్కను ఇంటర్నెట్ దుకాండ్లకు కలిపిన్రు. ఇక్కడ అర మీద ఎన్నుంటే అక్కడ తెర మీద అన్ని కనవడ్తయి. ఏ ఊరోళ్లో ఒక్కసారి ఒత్తితే ఇక్కడ చీటీ దానంతటదే వస్తది. మంచిగనే ఉండె గానీ, తెర మీద 'ఒకటి' ఉన్నది జూసి జనం కొంటుంటే, శివమ్మ ఆ ఒకటి ఇస్తలేదాయె. గిన్నెలోళ్లు మొత్తుకున్నరు. దుప్పట్లోళ్లు వేరే గోదాము సూసుకుంటమన్నరు.

యాదగిరి నెత్తి పట్టుకున్నడు. "ఏందమ్మా శివమ్మా, ఇదేమన్న మీ ఇంటి గుమ్మా? పట్నంకెల్లి ఫోను మీద ఫోను. ఇగ నుంచి ఆర్డర్ వచ్చిందంటే ఆఖరుదైనా సాయంత్రం ఆరు లోపల గేటు దాటాలె. దాటలేదో, కంప్యూటరే 'దొరకలేదు' అని సున్న జేస్తది. సున్న అయింది మల్ల ఎక్కదు."

"ఏదైనా అంతేనా సారూ?"

"ఏదైనా అంతే."

ఆ దినమే శివమ్మ ఆఖరు కుక్కరు తీసింది. ఖాళీ అర దిక్కు సూడకుంటనే డబ్బకు టేపు చుట్టింది.

నాలుగొద్దులకు పుష్పమ్మ చీటీ పట్టుకొని కుర్చీలకెల్లి లేచి వచ్చింది.

"వదినా, అన్నకు ఆర్డర్ వచ్చింది."

శివమ్మ చేతిల టేపు పక్కకు పెట్టింది. "ఎవలు?"

"బీరమ్మ. కొండాపూర్ మండలం."

కొడుకు గోదాము లెక్కల ఉన్నడని ఎవలో చెప్పంగ ఇని, ముసల్ది బస్సెక్కి సంగారెడ్డికి వచ్చి, నెట్ సెంటర్ల కూసొని, కొడుకు పేరు చెప్పి ఎతికిపిచ్చుకున్నదన్నట్టు. శివమ్మకు ఒళ్లు మండింది. "ఇయ్య. నన్ను గడప తొక్కనియ్యనిది, నా మొగన్నెట్ల అడుగుతది? ఆమెకేం హక్కున్నదని?"

"కన్నది గదమ్మా" అన్నడు యాదగిరి మెల్లగ. "నువ్వు ఇయ్యకుంటే ఆమెకూ ఉండడు, నీకూ ఉండడు. నా చేతులేం లేదు."

శివమ్మ పోయి తొమ్మిదో వరుసల కూలబడ్డది. బువ్వ తినలేదు. కోపం పోయింది, భయం పోయింది, ఏడ్పు గూడ రాలేదు. మూడు గొట్టినంక లేచి అన్నిటికన్న పెద్ద అట్టడబ్బ తెచ్చి, అర కింద నోరు తెరిచి పెట్టింది.

"దిగు" అన్నది. "అవ్వ పిలుస్తున్నది."

డబ్బ అడుగు కిర్రుమన్నది. శివమ్మ టేపు చుట్టింది. ఇద్దరు హమాలీలు లేపి కాంటా మీద పెడితే అరవై రెండు కిలోలు సూపింది. యాదగిరి రాసుకున్నడు. ఆ ఊరికి కొరియర్ బండి పోదు గనక శివమ్మనే తీసుకపోయింది. సంగారెడ్డిల బస్సు కండక్టరు డబ్బను జూసి, అడగకుంటనే రెండు టికెట్లు చింపిండు.

దీపాలు పెట్టే యాళ్లకు ఆ ఇంటి ముంగట ఆటో ఆగింది. ఆటో ఆయన డబ్బను దింపి గడపకు ఆనించి పోయిండు. శివమ్మ గడప బయటనే నిలవడ్డది. బీరమ్మ ఆమె దిక్కు సూడలేదు. కొడవలితోని టేపు కోసి, తలకాయ లోపలికి వంచింది.

"ఎంత బక్కగైనవ్ కొడుకా" అన్నది. మల్ల శానసేపు ఇన్నది. నడుమ నడుమ "ఊ" అన్నది.

తల లేపినంక ఆమె ముఖం వేరేగుంది. "పోవద్దని నువ్వు మొత్తుకున్నవట గదనే? కాళ్లు పట్టుకున్నవట, తలుపుకు అడ్డం నిలవడ్డవట. వాడే ఇనలేదట. నేనే ఉత్తగ నోరు పారేసుకున్న. లోపలికి రా బిడ్డా."

రెండేండ్లు పక్కన కూసొని తింటే ఒక్క మాట పలకనోడు, నోరు తెరిచి మొదలు ఆడింది ఈ అబద్ధం. తలూపి గడప దాటితే సాలు. ఇల్లుంది, అత్త ఉంది, ఆయనున్నడు. శివమ్మ కాలు లేపింది. మల్ల కిందికే దించింది.

"లేదత్తమ్మా. నేనే పంపిన. చాతగాదన్నడు, నేనే దుప్పటి గుంజి లేపిన."

బీరమ్మ కొడవలి కింద పెట్టింది. ఆమె తిడుతదని, కొడుతదని శివమ్మ తల వంచుకొని నిలవడ్డది.

"నాకెర్కలేదానే? కన్నదాన్ని. అబద్ధమాడితే నాలుగు మాటలు ఎక్కువ చెప్తడు, చిన్నప్పటి సంది అంతే" అన్నది బీరమ్మ. "ఎన్నడూ నా కోసం ఇంత పొడుగు అబద్ధం ఆడలేదు వాడు. సచ్చి గూడ నిన్ను మోస్తుంటే నేనేం జెయ్యాలె? రా, కాళ్లు కడుక్కో."

శివమ్మ గడప దాటింది. డబ్బను లోపల పెడదామని వంగి పట్టుకుంటే ఒక్క చేతికే లేచింది. ఉత్త అట్ట. ఆమె బీరమ్మ దిక్కు సూసింది. బీరమ్మ డబ్బల చెయ్యి పెట్టి తడిమి, "చెప్పాల్సింది చెప్పి పోయిండు" అన్నది.

శివమ్మ మల్ల ఇస్నాపూర్ రోడ్డు తొక్కలేదు. ఆ రాత్రి అత్తా కోడలు ఆ డబ్బకు చెరో దిక్కు కూసొని, రెండేండ్ల కింద కలిసి ఏడ్వాల్సిన ఏడ్పు ఏడ్సిన్రు.