జామీను కాగితం

అయినా ఆ ఎదురింటి టైలరమ్మ చేతిరాత గుండ్రంగానే ఉంటుంది, ఎందుకుండదు, చిన్నప్పటినుంచీ బళ్ళో దిద్దిన చెయ్యి, జాకెట్టు కొలతలు రాసుకున్నా ముచ్చటగా ఉండేది, అనుకుంది ఆమె, కోర్టు రికార్డు గది బయట బల్లమీద కూర్చుని ఒళ్ళో సంచి సర్దుకుంటూ, ఇంకాసేపట్లో ఆ గుండ్రటి సంతకాన్ని మొగుడి జామీను కాగితం మీద తన కళ్ళతోనే చూస్తుంది, చూసి ఇంటికెళ్ళి ఎదురింటి మొహం మీద ఇక ఎప్పటికీ తలుపేసేస్తుంది, ఆయన ఫొటోనయితే పొద్దున్నే గోడవైపు తిప్పి వచ్చింది, పోయి రెండేళ్ళయిన మనిషిని నిలదీసేదెలా, తిప్పడం తప్ప, ఈ మెట్లు, ఈ ఎత్తు కిటికీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి, ఆఫీసులన్నీ ఒక్కలాగే ఏడుస్తాయి, ఆస్పత్రి వరసలో కనబడిన ఆ ముసలాయన, తన మొగుడితో కలిసి లేత్ మిషన్ మీద పనిచేసినవాడు, మందుల చీటీ విసురుకుంటూ ఎంత తేలిగ్గా అన్నాడు, సమ్మె గొడవలో మీ ఆయన్ని లోపలేసినప్పుడు టైలరమ్మే కదమ్మా కోర్టుకొచ్చి సంతకం పెట్టి విడిపించింది, నా కళ్ళతో చూశాను, నీకు తెలీదా అని, తెలీదు, పదకొండు రోజులు పక్క ఊళ్ళో మిషను బిగించే పని అని కబురు పెట్టాడు మొగుడు మహానుభావుడు, తనకప్పుడు ఏడో నెల, ముందోసారి కడుపు పోయి ఉంది, నమ్మింది, గడ్డం మాసి చిక్కిపోయి వస్తే హోటలు తిండి పడలేదేమో అని జాలిపడింది కూడాను, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఆ తర్వాత ఎవరి నోటన్నా కోర్టు మాట వస్తే చాలు, ఆయనా టైలరమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకుని చటుక్కున ఊరుకునేవాళ్ళు, మధ్యలో తను పప్పు రుబ్బుతూనో పిల్ల తల దువ్వుతూనో, మొద్దు మొహంలా.

ఫైలు చూడనివ్వండని అర్జీ పెడితే మూడు వాయిదాలు తిప్పారు, కేసు కొట్టేసి ముప్ఫయ్యేళ్ళు దాటింది, ఇప్పుడెందుకు పెద్దమ్మా అన్నాడు జడ్జి కళ్ళద్దాల మీంచి, నా మొగుడి కాగితాలు బాబూ, చదువుకోవాలి అంది, చదివిపెట్టే మనిషి ఉన్నారా అంటే, నేనే, అంది, సాయంత్రం బడికి నాలుగేళ్ళు వెళ్ళింది మరి, మనవడి వయసు పంతులు చేత చీవాట్లు తిని మరీ నేర్చుకుంది, ఆ అక్షరాలు చివరికి సవతి పేరు కూడబలుక్కోవడానికా, ఇంతలో గుమాస్తా పిలిచాడు, ఒక్కసారే చూడాలమ్మా, కాగితం మడవకూడదు, నకలు కావాలంటే వేరే దరఖాస్తు, అంటూ ఆ దుమ్ము కట్ట విప్పాడు.

వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకుంటూ పోయింది, నిందితుడు, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ప్రతి వాయిదాకీ ఇతన్ని హాజరుపరిచే పూచీ నాది, జామీనుదారు, ఆ గడిలోకి వేలు జరిపింది, అక్కడ తన పేరు, మళ్ళీ కూడబలుక్కుంది, తన పేరే, నిందితుడి భార్య, కింద నీలం సిరాలో ఎడమచేతి బొటనవేలి ముద్ర, అడ్డంగా ఒక తెల్లటి గీత, చిన్నప్పుడు కొడవలితో తెగిన గీత, ఇప్పటికీ ఇదిగో వేలి మీదే ఉంది, దాని పక్కన, ఈ ముద్ర నా ఎదుట వేసినది, సాక్షి, గుండ్రటి సంతకం, అమ్మ టైలరమ్మా, ఆ రోజు గది అద్దె కాగితం అనలేదూ నువ్వు, బంధువు పూచీ కావాలన్నారు కాబోలు, కడుపుతో ఉన్నదాన్ని చెయ్యి పట్టుకుని ఈ మెట్లే ఎక్కించావు, ఆ ఎత్తు కిటికీ కింద నా వేలు పట్టి సిరాలో అద్దావు, ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేసేదాన్ని కదా నేను, తర్వాత జాకెట్టు గుడ్డముక్కతో తుడిచావు, సిరా పోకపోతే ఇద్దరం నవ్వాం, నేనెందుకు నవ్వానో నాకే తెలీదు.

చూసినట్టు రిజిస్టరులో గుర్తు పెట్టమ్మా అంటూ గుమాస్తా తల ఎత్తకుండానే సిరా పెట్టె ముందుకు తోశాడు, ఆమె దాన్ని పక్కకి జరిపి కలం అందుకుంది, కొమ్ములూ గుడులూ తప్పకుండా సంతకం పెట్టేసరికి వెనకనున్న వకీలు రెండుసార్లు దగ్గాడు, దగ్గనీ, నకలు దరఖాస్తు కూడా ఇవ్వు బాబూ, నేనే నింపుకుంటాను అంది, అసూయ చల్లారిందా అంటే లేదు, ఇప్పుడిది ఇంకో రకం మంట, తను చేసిన పని తనకి తప్ప వాళ్ళిద్దరికీ తెలుసు, ఇన్నేళ్ళూ తలుచుకుని ఉంటారు, బిడ్డ పుట్టాకయినా చెప్పొచ్చుగా, టైలరమ్మకిప్పుడు కళ్ళల్లో పొరలు, సూదిలో దారమే ఎక్కదు, ఇక కాగితమేం చదువుతుంది, నకలు వచ్చిన రోజున తలుపు తీసి ఎదురింటికెళ్ళి, కూర్చో, కదలకు అని, తనే పైకి చదివి వినిపిస్తుంది, నిదానంగా, ఒక్క అక్షరం వదలకుండా, ఎందుకంటే వాళ్ళిద్దరూ తన వెనక ముప్ఫయ్యేళ్ళు దాచుకున్నది వాళ్ళ సంగతి కాదు, తన సంగతే.