లాండ్రీ గోడ మీది గడియారం

మే నెల రెండో మంగళవారం ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి చెప్పేద్దామని ముందురోజే అనుకున్నాను.

ఆవిడ పేరు నోర్మా హాకెట్. ఏటా ఆ రోజు ఫ్రెస్నోలో తెల్లవారుజామున బస్సెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకి వచ్చేది. చేపలు పట్టేవాళ్లకి ఎరలు అమ్మే నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చునేది. ఫ్లాస్కులో కాఫీ తాగుతూ, ఎదురుగా నీళ్ల మధ్య ఉన్న హెరన్ ద్వీపాన్ని సాయంత్రం దాకా చూసి వెళ్లిపోయేది. అప్పటికి పద్నాలుగేళ్లుగా ఇదే వరస.

ఆవిడ తమ్ముడు లైల్ 1961లో ఆ ద్వీపం జైలు నుంచి ఇంకొకడితో కలిసి తప్పించుకున్నాడు. మనుషులు దొరకలేదు. శవాలూ దొరకలేదు. నేనప్పుడు అక్కడ రేవు గార్డుని. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలియని సంగతి వేరే ఉంది.

గార్డులం పెళ్లాం పిల్లలతో ద్వీపం మీదే ఉండేవాళ్లం. మా బట్టలు ఖైదీలే ఉతికేవారు. లాండ్రీకి వేసే ముందు జేబులు ఖాళీ చెయ్యాలన్నది మొదటి నిబంధన. ఆ ఏడు ఫిబ్రవరిలో నేను మర్చిపోయాను. చొక్కా ఇస్త్రీ అయి తిరిగొచ్చాక చూస్తే, జేబులో, సముద్రం ఎప్పుడు వెనక్కి లాగుతుందో ఎప్పుడు పొంగుతుందో టైములు అచ్చేసిన నా ఆటుపోట్ల కార్డు ఉంది. తడవలేదు, నలగలేదు. ఉతికే ముందు ఎవరో తీసి, మళ్లీ పెట్టారు.

తీసినవాడు లైల్. మూటలు దించడానికి రేవుకి వచ్చినప్పుడు వాడే చెప్పాడు.

"మీ చొక్కా ఎంత ఉతికినా చేపల వాసన పోవట్లేదు సార్. ఇంతకీ పడుతున్నాయా, వాసన ఒక్కటేనా?"

నవ్వొచ్చింది. నిజాయితీపరుడనుకున్నాను. నిబంధన ప్రకారం కార్డు సంగతి పైకి రాయాలి. రాయలేదు. పైగా వాడు ఆ కార్డులో టైములు మన ద్వీపానికేనా అని అడిగితే, చేపల పిచ్చి ఉన్నవాడు ఎవడైనా చేసే పనే చేశాను. కూర్చోబెట్టి చెప్పాను. అవి వంతెన దగ్గరి టైములనీ, మనకి ఇరవై నిమిషాలు కలుపుకోవాలనీ, ఆటు తగ్గిన ఆ కాసేపూ నీళ్లు కదలకుండా నిలబడతాయనీ, ఆ తర్వాత పోటు మొదలైతే ఏ చెక్కనైనా సముద్రంలోకి పోనివ్వకుండా లోపలి ఒడ్డుకే తోస్తుందనీ చెప్పాను.

ఒకటి చెప్పలేదు. ఏప్రిల్ చివర మా వైపు గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పుతారు. కార్డు మాత్రం ఏడాది పొడుగునా పాత టైములోనే అచ్చవుతుంది. వేసవిలో గంట కలుపుకోవాలని రేవులో పసిపిల్లవాడికి కూడా తెలుసు. అది ఫిబ్రవరి కాబట్టి నాకు తట్టలేదు.

మే నెల రెండో మంగళవారం రాత్రి వాళ్లు వెళ్లిపోయారు. లాండ్రీ మూసేటప్పుడు పెద్ద గుడ్డబుట్టల్లో చెయ్యి పెట్టి చూడాల్సిన పని నా పక్కింటి గార్డు లెస్టర్ క్వేడ్‌ది. ఆ రోజు వాడు చూడలేదు. బుట్టల్లో దాక్కున్న ఇద్దరూ జైలు సద్దుమణిగాక కిటికీ అలారం తీగ కోసి బయటపడ్డారు. గోడ గడియారం కూడా ఆ తీగ మీదే నడిచేది. ముల్లు తొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయింది.

పొద్దున ఆ గడియారం చూసి, జేబులోంచి కార్డు తీశాను. ఆ తేదీకి కార్డులో ఆటు ముగిసేది తొమ్మిదీ ఇరవైకి. నా ఇరవై నిమిషాలు కలిపితే తొమ్మిదీ నలభై. కిటికీ నుంచి నీళ్ల దాకా నడక పది నిమిషాలు. లెక్క అక్షరాలా నేను నేర్పిందే. గంట మాత్రం కలపలేదు. అంటే ఆటు ఇంకో గంట మిగిలి ఉండగానే, బలంగా సముద్రంలోకి లాగుతున్న నీళ్లలోకి దిగారన్నమాట.

కానీ రెండో రోజు, వాళ్లు తేలడానికి పట్టుకెళ్లిన లాండ్రీ ముద్ర ఉన్న చెక్క ఒకటి లోపలి ఒడ్డున, సముద్రానికి ఎదురు దిక్కున దొరికింది. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ లాండ్రీ గడియారాన్ని ఏప్రిల్‌లో అసలు ముందుకు తిప్పారా? తిప్పకపోతే, అది తొమ్మిదిన్నర చూపించేటప్పటికి బయట పదిన్నర. అంటే నిలిచిన నీళ్లలోకే దిగారు, ఒడ్డు చేరారు.

ఆ సంగతి ఒక్క క్వేడ్‌కే తెలుస్తుంది. లాండ్రీ కాపలా వాడిది.

వారం తిరగకుండా క్వేడ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. సామాను పడవలోకి మోయడానికి నేనే సాయం పట్టాను. కుట్టుమిషను దించి, వాడు నా పక్కన కూర్చున్నాడు.

"ఆర్నీ, బుట్టలు చూడకపోవడం నా తప్పే. ఒప్పుకున్నాను. కానీ వాళ్లకి నీళ్ల లెక్క ఎవడు చెప్పుంటాడ్రా? వాడు దొరికితే తప్పు సగమన్నా పంచుకునేవాణ్ని."

గడియారం సంగతి నా నోటిదాకా వచ్చింది. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటాడు. నాకు ముగ్గురు పిల్లలు, ద్వీపం మీద ఇల్లు. కుట్టుమిషనుకి తాడు గట్టిగా బిగించాలని మాత్రం చెప్పాను.

తర్వాత క్వేడ్ ఓక్లాండ్‌లో గిడ్డంగి కాపలా చేశాడు. నా కొట్టుకి ఒక్క బస్సు దూరం. ఎన్నోసార్లు బస్‌స్టాపు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఇదంతా ఆ మంగళవారం నోర్మాకి చెప్పాను. అప్పటిదాకా, మీ రొయ్యలు కంపు కొడుతున్నాయి, చేపలైనా తింటాయా అని వేళాకోళమాడుతున్న మనిషి కదలకుండా వింది. నన్ను తిట్టలేదు. నేను అమ్మే ప్రతి కార్డు మీదా వేసవిలో ఎర్ర పెన్సిలుతో గంట కలపమని రాస్తాను. ఆవిడ బల్ల మీద నుంచి ఒకటి తీసుకుని చదివి, మళ్లీ అక్కడే పెట్టింది.

"అయితే క్వేడ్‌ని అడగండి," అంది.

"ఈ జనవరిలో పోయాడమ్మా."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. చాలాసేపు బిగిస్తూనే ఉంది.

"మా తమ్ముడు బతికాడో లేదో ఎవరికీ తెలియదనుకుని ఇన్నేళ్లు ఓర్చుకున్నానండీ. చెప్పగలిగిన మనిషి ఒకడు ఉండేవాడన్నమాట. ఇక్కడే. బస్సు దూరంలో."

ఎప్పుడూ సాయంత్రం ఆరింటి బస్సుకి వెళ్లే మనిషి ఆ రోజు పన్నెండింటికే వెళ్లిపోయింది. ఫ్లాస్కు బెంచీ మీదే ఉండిపోయింది. పట్టుకుని స్టాపు దాకా పరుగెత్తాను. బస్సు కదిలిపోయింది.

ఆవిడ వెళ్లి ఈ మే నెలకి మూడేళ్లు. ఫ్లాస్కు కడిగి కొట్లో ఉంచాను. అడగడానికి ఎవరూ రాలేదు.