లక్ష్ముడు కోసిన తీగ

గాలివాన పోయి మూడు రోజులైంది. కరెంటొచ్చింది గానీ సెల్లు టవరు ఇంకా లేవలేదు. అయినా లక్ష్ముడి కూతురు అరుణశ్రీకి బెంగ లేదు, ఇంట్లో పాత లేండులైను మీద వచ్చే బ్రాడ్‌బ్యాండు బతికే ఉంది. ఇంజినీరింగు కౌన్సెలింగుకి కాలేజీలు ఎంచుకోడానికి ఆ సాయంత్రం ఐదింటికే ఆఖరు.

మరి మన లక్ష్ముడేం చేశాడు? గాలికి కిందికి జారిన ఫోను తీగ ఆరబెట్టిన వలకి మాటిమాటికీ తగులుకుంటోందని కత్తితో టక్కున కోసేశాడు. ఎవరూ మాట్లాడని ఫోనుకి తీగెందుకట!

"అయ్యా! నెట్టు పోయినాది!" లోపల్నించి కూతురి కేక.

"నానేటి సేసినాను? ఫోను తీగ కోసినానంతే. నెట్టు ఆ లైట్ల డబ్బాలోంచి కదా వస్తాది?"

అరుణశ్రీ నెత్తి కొట్టుకుంది. "ఆ డబ్బాకి ఈ తీగలోంచే వస్తాది! పాటకి సుతున్నట్టే, మాట కింది సుతిలో పోతాది, నెట్టు మనకి ఇనపడనంత పై సుతిలో పోతాది. రెండూ ఒకే తీగలోన!"

లక్ష్ముడు చేతిలో కత్తి కేసి చూసుకున్నాడు. నా చేత్తో నేనే పిల్ల నోట్లో మట్టి కొట్టేశానే! టైము నాలుగుం ముప్పావు.

వలలు బాగుచేసే చెయ్యి కదా, తెగిన కొసలకి వలముడి బిగించాడు. పడవని కట్టినా ఊడదు. డబ్బాలో లైటు మాత్రం వెలగలేదు.

"ముడి కాదయ్యా! తోలు ఒలిసి, రాగికి రాగి తగలాల!"

విప్పే తీరిక లేక ముడినీ కోసేశాడు. పళ్లతో తోలు ఒలిచాడు. లోపల రెండు తీగలు. మెలిపెట్టడానికి ఇప్పుడు కొసలు చాలవు. చేసేదేముంది, ఒక్కో చేత్తో ఒక్కో తీగ కొసలు కలిపి అదిమి నిలబడ్డాడు.

"ఎలిగినాది! కదలకు అయ్యా!"

అప్పుడే ఇంట్లో ఫోను మోగింది. చెమటకి తడిసిన చేతుల్లోంచి భుజాల దాకా కరెంటు కొట్టింది. ఓరి దేవుడో! ఫోను మోగేది కూడా ఈ తీగ కరెంటుతోనే అని ఎవడు చెప్పాడు ఆయనకి? వదిలేద్దామనుకున్నాడు. వదిలితే లైటు ఆరిపోతుంది. మళ్లీ మోగింది. నోరు మూసుకుని ఇంకా గట్టిగా నొక్కాడు.

భార్య తాయారు ఫోనెత్తింది. శ్రీకూర్మం నుంచి ఆడపడుచు, సెల్లు కలవక ఇటు చేసిందట, అందరూ కులాసాయేనా అని.

"పంపీసినాను అయ్యా! ఇంక వదిలీ!"

ఆయన వదల్లేదు. అరుణశ్రీ బయటికొచ్చి చూసింది. అయ్య కళ్లమ్మట నీళ్లు, వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ తనే విప్పింది.

"కరెంటు కొడతంటే సెప్పాలి కదా!" అని ఏడ్చేసింది.

"సెప్తే నువ్వాపీసి వచ్చీదానివి కదే," అన్నాడు లక్ష్ముడు.