గంటకొక డిగ్రీ

ఆయా మగ్గుతో చేపల తొట్టిలోని నీళ్లు ముంచి, మూరెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తోంది. కరెంటు పోయి రెండు గంటలైంది. నీళ్లలోకి బుడగలు వదిలే గాలి మిషను ఆగిపోయింది. గాజుకి అంటించిన థర్మామీటరు ముప్పై మూడు దగ్గర నిలబడింది.

పళ్ల ఆసుపత్రిలో పిల్లలు కూర్చునే గది అది. తొట్టిలో నాలుగు చిన్న చేపలు, ఒక పెద్దది. పెద్దదానిది అరచేతి పొడవు, నారింజ రంగు, ఉబ్బిన పొట్ట. పిల్లలు పెట్టిన పేరు బొజ్జన్న. పన్నెండేళ్ల కిందట పెద్ద డాక్టరుగారు తెచ్చారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కుర్చీలు, పరికరాలు, చేపలు అన్నీ ఆయన కూతురు డాక్టరమ్మవి.

బొజ్జన్న నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

"పొద్దున్నించి వాడికి మేత కూడా వెయ్యలేదు, పాపం కదూ," అన్నాడు కాంపౌండరు, అట్టముక్కతో విసురుకుంటూ.

"ఈ వేడిలో తింటే అరగదు. నీళ్లూ పాడవుతాయి. ఒకపూట మాడితే చావడులే."

"పక్క కొట్టులో ఐసుంది. నాలుగు గడ్డలు పడేస్తే పోలా?"

"పోతాడు," అంది ఆయా మగ్గు ఆపకుండా. "గంటకొక డిగ్రీ చొప్పునే తగ్గాలి. అంతకంటే తొందరపడితే గుండాగిపోతుందనేవారు అయ్యగారు."

"నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావా?"

"నీకు ఉక్కపోస్తే వీధిలోకి పోతావు. వాడెక్కడికి పోతాడు?"

కూల్‌డ్రింకుల కొట్టువాడికి జనరేటరుంది. ఆయా అతని ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా తెచ్చి, మూత బిగించి, తొట్టిలో తేలనిచ్చింది. పావుగంట ఉంచి తీసేసింది. కిటికీకి తడి దుప్పటి కట్టింది. మళ్లీ మగ్గు పట్టుకుంది. కుడి చెయ్యి లాగితే ఎడమ చేత్తో పోసింది.

ఇరవై ఆరేళ్లుగా ఆమె చేసే పనులన్నీ ఇలాంటివే, ఎవరి కంటా పడనివి. నేల తుడవడం, నెత్తుటి దూది పారెయ్యడం, సూది చూసి బెదిరిన పిల్లల చేతులు పట్టుకోవడం. పళ్ల ఆసుపత్రిలోనే పని చేస్తూ, తన కుడి దవడ పన్ను నొప్పి సంగతి ఎవరికీ చెప్పక, ఎనిమిదేళ్లుగా ఎడమవైపే నములుతోంది. అడిగితే డాక్టరమ్మ కాదనదు. అడగడమే ఆమెకు చేతకాదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ పక్క ఊరి నుంచి ఫోన్ చేసింది. "ఎలా ఉన్నాడు ఆయా?"

"ఉన్నాడమ్మా. నోరు తెరుస్తున్నాడు."

"నాన్న చేప ఆయా అది. సాయంత్రానికి వచ్చేస్తా. నువ్వున్నావన్నదే నా ధైర్యం."

మూడింటికి బొజ్జన్న ఒకసారి పక్కకి ఒరిగాడు. ఆయా రెండో సీసా వేసి, పోస్తూనే ఉంది. తిండి మాట మరిచిపోయింది. నాలుగింటికి ముప్పై రెండు. అయిదు దాటాక ముప్పై ఒకటి. బొజ్జన్న మెల్లగా అడుక్కి దిగి, గులకరాళ్ల దగ్గర ఈదాడు. అప్పుడే కరెంటొచ్చింది. బుడగలు గుప్పున లేచాయి.

"బతికించావు తల్లీ!" అని కాంపౌండరు చెప్పులేసుకుని ఇంటికి పోయాడు. ఆయా ఖాళీ సీసాలు కొట్టులో ఇచ్చేసి, పొద్దున్నించి మొదటిసారి అక్కడి బల్లమీద కూర్చుని, నీళ్లు తాగింది.

తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ తొట్టి ముందు వంగి ఉంది.

"ఇంకా ముప్పై ఒకటుంది ఆయా! దారిలో కొనుక్కొచ్చిన ఐసంతా పోసేశా. చూడు, ఎంత హుషారుగా తిరుగుతున్నాడో!"

బొజ్జన్న గిరగిర తిరుగుతున్నాడు. గాజుకి కొట్టుకుని మళ్లీ తిరుగుతున్నాడు. ఆయా నీళ్లలో చెయ్యి పెట్టింది. మణికట్టు జివ్వుమంది. థర్మామీటరు ఇరవై మూడు. చిన్నచేపలు నాలుగూ ఒక మూల కదలకుండా నక్కాయి. ఆమె గబగబా మిగిలిన ఐసు ముక్కలు ఏరి బకెట్‌లో వేసింది.

"ఎందుకు తీసేస్తున్నావ్?"

"చాలమ్మా, ఇక చాలు."

తిరగడం ఆగింది. బొజ్జన్న పక్కకి ఒరిగి, మెల్లగా గులకరాళ్లమీదకి దిగాడు. మొప్పలు రెండుసార్లు ఎగిశాయి. అంతే.

డాక్టరమ్మ బకెట్‌లోని ఐసు వంక చూసింది. "ఆయా, నేను పోసిన ఐసు వల్లేనా?"

సూది ముందు వణికే పిల్లలకి "నొప్పే ఉండదు నాన్నా" అని చెప్పేటప్పుడు ఆయా ముఖం ఎలా ఉంటుందో, ఇప్పుడూ అలాగే ఉంది.

"ఐసేం చేస్తుందమ్మా? పన్నెండేళ్ల ముసలాడు. పొద్దున్నించి ఉడికిపోయాడు. నేనే ఇంకాస్త ముందు చూసుకోవాల్సింది."

డాక్టరమ్మ ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. చిన్నచేపల్లో ఒకటి మూల వదిలి ఈదడం మొదలుపెట్టేదాకా ఆయా కనిపెట్టుకుని ఉంది. తరవాత బొజ్జన్నని తడిగుడ్డలో చుట్టుకుని దీపం ఆర్పింది.

పిల్లల కుర్చీమీద ఖాళీ ఐసు సంచీ ఉండిపోయింది, అడుగున గుక్కెడు చల్లటి నీళ్లతో.