అబేనా తరఫున ఒక కాగితం

పెట్టెల వరస కూలి అబేనా పాదం నలిగిపోయింది. అంబులెన్స్ వెళ్లిన పావుగంటకే గోదాములో బెల్టు మళ్లీ తిరగసాగింది. షిఫ్ట్ లీడర్ చంద్రకాంత్ ఒక కాగితం తెచ్చి మరియమ్ ముందు పెట్టాడు. అబేనా సేఫ్టీ బూట్లు వేసుకోలేదని అందులో రాసి ఉంది.

“సంతకం పెట్టు. నువ్వు చూసినవ్ గదా.”

“బూట్లు ఏస్కునే ఉండె సార్. పెట్టెలు అంత ఎత్తు పేర్చొద్దని పొద్దున మీకే చెప్పింది.”

మరియమ్‌ది హైదరాబాద్ ఏసీ గార్డ్స్. వాళ్లు నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సైనికుల సంతతి, సిద్దీలు. తండ్రి నసీరుద్దీన్ బస్తీ మసీదులో అజాన్ ఇచ్చేవాడు. తొలి అజాన్ ఇచ్చిన హజ్రత్ బిలాల్‌ది మన రంగేనని, నమాజు వరసలో ఎవరూ తక్కువ కాదని కూతురికి నేర్పాడు. బడిలో పిల్లలు వెక్కిరించినప్పుడల్లా ఆమె ఆ మాటే తలుచుకుని ఏడుపు దిగమింగేది.

హాంబర్గ్‌లో చదువుకుంటూ ఈ గోదాములో చేరిన రోజే ఆమెను ట్రక్కులు దించే పనిలో పెట్టారు. అక్కడున్నవాళ్లంతా నల్లవాళ్లే. ఇండియా విద్యార్థులు స్కానింగ్ బల్ల దగ్గర ఉండేవారు. వారం ఓర్చుకుని, “నేను హైదరాబాద్ దాన్నే సార్” అని చంద్రకాంత్‌కు తెలుగులో చెప్పుకుంది. అతను నొచ్చుకుని వెంటనే బల్ల దగ్గరికి మార్చాడు. ఆమె ఖాళీ చేసిన చోటికి ఘనా నుంచి వచ్చిన అబేనా వచ్చింది. అప్పటినుంచి నమాజుకు నిలబడితే మరియమ్‌కు మనసు కుదురుగా ఉండటం లేదు.

చంద్రకాంత్ కాగితాన్ని ఆమె వైపు ఇంకా జరిపాడు. “వచ్చే నెల వీసా ఆఫీసుల అపాయింట్‌మెంట్ ఉంది గదా? పని పోతే ఏం చూపిస్తవ్? మనోళ్ల పిల్లవని చెప్తున్న.”

“ట్రక్కు కాడ ఉన్నప్పుడు నేను మీకు మనోళ్ల పిల్లను కాలేదు సార్. నేను పెట్ట.”

చంద్రకాంత్ కాగితాన్ని పక్కనే స్కానింగ్ చేస్తున్న తన్వి ముందుకు జరిపాడు. ఆమె తలెత్తకుండా సంతకం చేసింది.

విరామంలో మరియమ్ జరిగింది జరిగినట్టు తన వచ్చీరాని జర్మన్‌లో రాసి, కింద పేరు పెట్టింది. తనతో పాటు బల్ల దగ్గర పనిచేసే అతిఫ్‌కు చూపించి, అతన్నీ సంతకం పెట్టమంది.

“ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డ్ వచ్చేదాక నన్ను వదిలెయ్యి మరియమ్” అన్నాడతను.

ట్రక్కు దగ్గరి ముసలాయన రెండుసార్లు చదివాడు. ఆమె భుజం తట్టి, కాగితం తిరిగిచ్చేశాడు. షిఫ్ట్ ముగిశాక చంద్రకాంత్ ఆమె బ్యాడ్జీ తీసుకుని, రేపటినుంచి రావద్దన్నాడు.

బయట వాన. అవే పెట్టెల మధ్య పనిచేసే తర్వాతి షిఫ్ట్ వాళ్లు బస్సు దిగుతున్నారు. మరియమ్ గేటు దగ్గర నిలబడి సంతకం అడుగుతూ మొదట వచ్చినామెకు కాగితం అందించింది. ఆమె చదివి, తిరిగిచ్చి లోపలికి నడిచింది. రెండో మనిషి ఆగనేలేదు. గొడుగు కింద తలవంచుకుని మూడో మనిషి వస్తున్నాడు.