సీటు పక్క కుట్టు

కారు వచ్చినప్పటి నుంచి టైలరక్కకు వెలుతురు కరువైంది. ఆవిడ కుట్టుమిషను ముందుగదిలో కిటికీ పక్కనే ఉంటుంది. మరిది ఆ కొత్త కారును తెచ్చి సరిగ్గా ఆ కిటికీకి అడ్డంగా నిలబెట్టాడు. ఇంటి ముందు ఇంకెక్కడా చోటు లేదన్నది నిజమే. నిజమైనంత మాత్రాన మనసుకు ఎక్కాలని ఏముంది? సూదిలోకి దారం ఎక్కించబోయి తలెత్తితే ఎర్రగా నిగనిగలాడుతూ కారు. చొక్కా చేతులు అతుకుతూ పక్కకు చూస్తే కారు.

పోనీ అంతటితో ఆగిందా? ఇదివరకు ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు నేరుగా మిషను దగ్గరికే తీసుకొచ్చేది. "మా పెద్దకోడలి కుట్టు చూడండి, తిరగేసి చూసినా ఒకటే!" అని మురిసిపోయేది. ఇప్పుడు వచ్చినవాళ్ళను గుమ్మంలోకి రానివ్వకుండానే కారు చుట్టూ తిప్పుతోంది. "మా చిన్నకోడలు ముచ్చటపడి ఏరింది" అంటోంది. ఆ చిన్నకోడలికి ఊడిన బొత్తాం కుట్టుకోవడం కూడా చేతకాదు.

అందుకని టైలరక్క వెతకడం మొదలుపెట్టింది. వాకిలి ఊడ్చే వంకతో కారు ఒళ్ళంతా తడిమింది. ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంది. లోపల పైకప్పు గుడ్డ ఒక మూల ముడత పడింది. వెనక కాళ్ళ కింద పరిచిన పట్టా ఓ పక్క కురచ. ఒక్కో లోపం దొరికినప్పుడల్లా ఆవిడకు కడుపులో చల్లగా ఉండేది.

"ఏమే చెల్లీ, ఈ తలుపేంటి ఇలా ఉంది? పైన వేలు పడుతోంది, కింద గోరు కూడా దూరట్లేదు."

"అవునా అక్కా! నేను చూడనే లేదు."

"నువ్వెలా చూస్తావులే. రంగు చూసి ఏరుకున్నదానివి."

చిన్నకోడలి మొహం చిన్నబోయింది. ఆ పూటంతా తలుపు తీయడం, వేయడం, సందులోకి తొంగి చూడడం. మరిది నవ్వేశాడు.

"వదినా, నువ్వు అలా చూస్తుంటే కారు సిగ్గుతో ముడుచుకుపోతోంది."

"అందుకేనా మరిదిగారూ, పైకప్పు గుడ్డకు ముడత పడింది?"

అసలు పండగ మాత్రం డ్రైవరు పక్కనుండే ముందు సీటు దగ్గర దొరికింది. తలుపు వైపున్న అంచు కుట్టులో దారం మరీ పల్చగా ఉంది, కొలతలు చూడడానికి వేసే కచ్చా కుట్టులా. పైగా ఏవో అక్షరాలున్న బుల్లి లేబుల్ ఒకటి ఆ కుట్టులోంచి బయటికి వేలాడుతోంది. లేబుల్ బయటికి కనిపించేలా కుడితే టైలరక్క దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఆ రోజంతా తిట్లే.

"చూడవే! ఇంత గొప్ప బండికి కచ్చా కుట్టు వేసి పంపారు."

"షోరూముకు పంపమంటావా అక్కా?"

"కుట్టింది వాళ్ళ తాలూకు వాళ్ళేగా! నేను వేస్తే ఏనుగు లాగినా ఊడదు."

వంకర సూది, బ్యాగులు కుట్టే నైలాన్ దారం పట్టుకుని సీటు పక్కన చతికిలబడింది. కుట్టు మీద కుట్టు వేసి బిగించింది. లేబుల్‌ను కత్తెరతో కత్తిరించి పారేసింది. అత్తగారు మెట్టు మీద కూర్చుని అంతా చూసింది. "అదీ కుట్టంటే! ఆ కంపెనీవాడు వచ్చి నీ దగ్గర నేర్చుకోవాలి."

ఆ మాట విన్నాక కిటికీలోంచి చూస్తే కారు అంత ఎర్రగా అనిపించలేదు.

ఆదివారం అందరూ కలిసి బయల్దేరారు. చిన్నకోడలు ముందు సీట్లో కూర్చుని అద్దంలో జుట్టు సరిచేసుకుంటోంది. మరిది వెనక సామాను సర్దుతూ పక్కింటి మాస్టారికి కారు గొప్పలు చెబుతున్నాడు.

"ముందు సీట్లలో కూడా ఎయిర్‌బ్యాగులున్నాయి మాస్టారూ. పక్కనుంచి ఏ బండైనా గుద్దిందనుకోండి, సీటు పక్క కుట్టు తెంచుకుని గాలి సంచి బయటికొచ్చి మనిషిని కాస్తుంది. తెగడానికనే అక్కడ దారం పల్చగా వేస్తారు, సంచి ఉందని తెలిసేలా లేబుల్ కూడా బయటికే ఉంచుతారు."

టైలరక్క కాలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఏనుగు లాగినా ఊడదు. తన నోటితో తానే అన్న మాట. చిన్నకోడలు ఆ కుట్టుకే భుజం ఆనించి కూర్చుంది. మరిది మాటలు ఆమె చెవిన పడ్డట్టే లేదు. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నోరు తెరిస్తే, అత్తగారు మెట్టు మీంచి అన్న మాట మళ్ళీ ఈ జన్మకు రాదు. మరిది వచ్చి తాళం తిప్పాడు. ఇంజను మొదలైంది.

"దిగవే! ముందు దిగు!"

"ఏమైంది అక్కా?"

"దిగమన్నానా!" చెయ్యి పట్టుకుని బయటికి లాగేసింది.

అత్తగారికి ఒళ్ళు మండింది. "బయల్దేరేటప్పుడు ఇదేం గోల? ముందు సీట్లో అది కూర్చుందనేగా నీ ఏడుపు?"

"ఏడుపే అత్తయ్యా! ఆ ఏడుపుతోనే కుట్టాను. వాళ్ళు వేసిన కుట్టే సరైంది, నాదే తప్పు. గుద్దినప్పుడు ఆ గాలి సంచి నా కుట్టు దాటి బయటికి రాదు. బాగుచేయించేదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వకండి."

మరిది వంగి చూశాడు. నైలాన్ దారం మీద వేలు పెట్టి నొక్కాడు. మొహంలో నవ్వు లేదు. "నువ్వు ఎంత పని చేశావు వదినా!" అన్నాడు, అంతే. చిన్నకోడలు మాత్రం అక్క చెయ్యి వదల్లేదు.

షోరూములో సీటు తొడుగు మార్చారు. మళ్ళీ అదే పల్చటి దారం, బయటికి వేలాడే అదే లేబుల్. తలుపు సందు కూడా సమంగా సరిచేసి పంపారు.

"ఈసారి ముందు నువ్వు కూర్చో అక్కా" అంది చిన్నకోడలు.

టైలరక్క కూర్చుంది. చెయ్యి అలవాటుగా ఆ కుట్టు దాకా వెళ్ళి, ఏదో చురుక్కుమన్నట్టు వెనక్కి వచ్చేసింది. సీటు మెత్తగా ఉంది. ఇంత మెత్తటి సీటు రోజూ ఆ పిల్లదే గదా అనుకుంటూ తల వెనక్కి వాల్చింది. పైకప్పు గుడ్డకు మూలనున్న ముడత కంటపడింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"ఏం చూస్తున్నావక్కా?"

"ఏం లేదులే, పోనివ్వమను" అంది టైలరక్క. ఆవిడకు కడుపులో చల్లగా ఉంది.