గీతలు

శనివారం దాకా రావాల్సిన ఆక్సిజన్ సిలిండరు శుక్రవారానికే ఖాళీ అవుతోంది. నంద్యాలలోని ఆ చిన్న ఆసుపత్రిలో సిలిండర్లు చూసుకునేది దేవసహాయం. ఆపరేషన్ గదిలో నర్సు అతని భార్య ప్రేమకుమారి.

“సోమవారంలోగా మీ ఆయన జవాబు చెప్పాల. లేకుంటే పనిలో ఉంచను,” అంది డాక్టరమ్మ.

ప్రేమకుమారికి వెంటనే ఆళ్లగడ్డ గుర్తొచ్చింది. శనివారాల్లో అతను అక్కడికి, గ్యాస్ వెల్డింగ్ చేసే హుస్సేన్ వలి దగ్గరికి పోతాడు. వెల్డింగుకూ ఆక్సిజనే కావాలి.

“ఆళ్లగడ్డకు ఎందుకు పోతాండావప్పా వారం వారం?” అని మొగుణ్ణి అడిగింది.

“సైకిల్ స్టాండు అతికించుకునేకి.”

“ఎన్ని స్టాండ్లున్నాయి మన సైకిలుకు?”

“నువ్వు నర్సువా, పోలీసువా?” అని నవ్వాడు. ఆ నవ్వు కాస్త ముందే వచ్చినట్టు అనిపించింది ఆమెకు. రెండు రోజులు అతని చొక్కాలు ఉతికే ముందు వాసన చూసింది. తనను చూసి తనకే రోత కలిగింది. అయినా చూసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఒక్కతే ఆపరేషన్ గదికి వెళ్లింది. సిలిండరు నుంచి గ్యాసు ఎంత పారేదీ చూపే గాజు గొట్టం సరిగ్గా కొలుస్తోందో లేదో చూడాలని, అందులోని బంతి రెండో గీత దగ్గర నిలిచేలా ఆక్సిజన్ వదిలింది. నిమిషానికి రెండు లీటర్లని లెక్క. రెండు లీటర్ల సీసాను నీళ్లతో నింపి, బకెట్లో బోర్లించి, రబ్బరు గొట్టం లోపలికి దూర్చింది. సీసాలో నీళ్లన్నీ దిగిపోవడానికి నిమిషం పట్టాలి. గడియారంలో సెకన్ల ముల్లు యాభై దాటగానే అయిపోయాయి. మళ్లీ చేసింది. అంతే.

గాజు గొట్టం అడుగున సన్నటి అక్షరాలు కనిపించాయి. కార్బన్ డయాక్సైడ్. ఆ గీతలు బరువైన వాయువు కోసం గీసినవి. తేలికైన ఆక్సిజన్ బంతిని అంతే ఎత్తుకు లేపాలంటే ఎక్కువ పారాల్సిందే.

“పాత గొట్టం పగిలింది. మూతపడిన సోడా ఫ్యాక్టరీది వలి తెచ్చిచ్చినాడు. ఇమిడింది, పెట్టేసినా,” అన్నాడు దేవసహాయం సోమవారం డాక్టరమ్మతో. గొట్టమంటే ఇమిడితే చాలనుకున్నాడు. ఆమె తిట్టింది గానీ, పనిలోంచి తీయలేదు.

ఆ సాయంత్రం అతను అడిగాడు: “నన్ను దొంగనుకుంటివి గదా?”

“అడిగితే స్టాండంటివి.”

“ఆడ పులిమేక ఆడతాండాం. ముసలోళ్ల ఆటని నవ్వుతావని చెప్పలే. శనివారం నువ్వూ రా, చూద్దువు.”

“వస్తా,” అంది. అన్నాక నిద్ర పట్టలేదు. రోజు ముందే చెప్పి పిలిచేవాడు, దాచాల్సింది ఉంటే ఆ రోజు అక్కడ ఉంచుతాడా? సీసాలోకి పట్టి చూడటానికి ఇది గ్యాసు కాదు.

గురువారం అతను డ్యూటీలో ఉండగా ఆళ్లగడ్డ బస్సెక్కింది. వలి దుకాణంలో లేడు. అరుగు బండ మీద పులిమేక గీతలున్నాయి, పక్కన గులకరాళ్లు. ఆమె వంగి, గీతలు అరిగినవో, కొత్తగా గీసినవో తెలుసుకోవడానికి వేలితో రుద్ది చూసింది.